బడి గుడ్డుకి మూడేళ్ల గడువు: తర్వాత మనకేం మిగలాలి?



గుడ్లు అనగానే మన గ్రూపులో అందరికీ చాకీకి పెట్టే గుడ్లే గుర్తొస్తాయి. ఈసారి మాట వాటి గురించి కాదు. బడిలో మన పిల్లల పళ్లెంలోకి వచ్చే కోడిగుడ్డు గురించి. గూళ్ల రేటు, సున్నం, రోగాల మధ్య ఇదెందుకు అంటారేమో. ఆ గుడ్డుకీ మన షెడ్డుకీ సంబంధం ఉంది. ఆ గుడ్డుకి ఒక గడువు కూడా ఉంది. రెండూ తెలుసుకోవడం మన ఇంటికి మంచిది.

*పళ్లెంలో ఏముంది, డబ్బు ఎవరిది*

మన రాష్ట్రంలో బిసియూట 2002-03లో ఉత్తర జిల్లాల్లో మొదలై, ఆ తర్వాత మన వైపుకీ వచ్చింది. 'అక్షర దాసోహ' అని దాని పేరు. బడి పిల్లలకి వండిన అన్నమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఇచ్చిన ఆదేశం దీనికి వెనక బలం. ఖర్చు కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి.

లెక్క ఇది. ఐదో తరగతి దాకా పిల్లకి రోజుకి 100 గ్రాముల బియ్యమో గోధుమో, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. దాంట్లోంచి 450 క్యాలరీలు, 12 గ్రాముల ప్రోటీన్ రావాలి. ఆరు నుంచి ఎనిమిది దాకా 150 గ్రాముల ధాన్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు. వాళ్లకి 700 క్యాలరీలు, 20 గ్రాముల ప్రోటీన్ రావాలి.

2013 ఆగస్టు 1న క్షీరభాగ్య మొదలైంది. 18 గ్రాముల పాలపొడి కలిపి 150 మిల్లీలీటర్ల పాలు. మొదట వారానికి మూడు రోజులు ఇచ్చారు, తర్వాత ఐదు రోజులు చేశారు.

2024 ఫిబ్రవరి నుంచి ఆ పాలల్లో వారానికి మూడు రోజులు రాగి మిక్స్ కలుపుతున్నారు. దీన్ని సర్కారుతో కలిసి ఇస్తున్నది శ్రీ సత్యసాయి అన్నపూర్ణ ట్రస్టు. మన చిక్కబళ్లాపురం పక్కన ముద్దేనహళ్లిలో ఉండేది అదే. 

ఇక గుడ్డు. సర్కారు వారానికి రెండు రోజులు ఇస్తోంది. 2024 జూలైలో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ రాష్ట్రంతో ఒప్పందం చేసుకుని ఇంకో నాలుగు రోజుల గుడ్డు ఖర్చు తనమీద వేసుకుంది. అలా వారానికి ఆరు రోజులు అయ్యింది. సర్కారు, అనుదానిత బడుల్లో ఒకటి నుంచి పది దాకా, సుమారు 55 లక్షల మంది పిల్లలకి ఇది. గుడ్డు తినని పిల్లలకి అరటిపండు. ఈ సాయం మొత్తం సుమారు 1,500 కోట్ల రూపాయలు. గడువు మూడేళ్లు.

ఒక గుడ్డులో ఆరు గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది. అంటే చిన్న పిల్లకి బడి అన్నంలో రావాల్సిన 12 గ్రాములకి ఇంకో సగం కలిసినట్టు. సంగటి, చారు, అన్నం మీద పెరిగే మన పిల్లలకి ఇది చిన్న విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటకలో ఐదేళ్లలోపు పిల్లల్లో 65.5 శాతం మందికి, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 47.8 శాతం మందికి రక్తం తక్కువ. అంటే తల్లికీ తక్కువే, బిడ్డకీ తక్కువే.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. మధ్యాహ్నం అన్నం 2013 ఆహార భద్రతా చట్టంలో పిల్లల హక్కుగా రాసి ఉంది. పెట్టకపోతే అడగొచ్చు. ఆ నాలుగు రోజుల గుడ్డు మాత్రం ఒప్పందం. ఒప్పందానికి తారీకు ఉంటుంది. తారీకు అయ్యాక ఏమవుతుందో ఆ రోజు సర్కారు, దాత కూర్చుని తేల్చుకుంటారు. ఆ మాటల్లో తల్లుల గొంతు ఉండాలంటే ఇప్పుడే మొదలుపెట్టాలి.

*మన షెడ్డుకీ బడికీ లింకు*

నాలుగో జ్వరం లేచాక మన ఇళ్లు ఎట్లుంటాయో చెప్పక్కర్లేదు. పంట మొత్తంలో పురుగు తినే ఆకులో 80 శాతం పైనే ఆ చివరి దశలో తింటుంది. తెల్లారకముందే కొమ్మ కోయాలి, మోయాలి, మేపు వేయాలి, పడక చూడాలి, సున్నం చల్లాలి. పండిన పురుగులు కనిపిస్తే చంద్రికలకి ఎక్కించేదాకా కూర్చునే తీరిక ఉండదు. ఈ పనిలో సగానికి మించి ఆడవాళ్ల చేతుల మీదే జరుగుతుంది. అది మన అందరికీ తెలుసు.

ఆ వారం పొయ్యి వెలిగేది ఆలస్యంగా. పిల్లలు రాత్రి మిగిలిన సంగటో, రెండు బిస్కెట్లో, ఒట్టి టీనో తాగి బడికి పోతారు. ఏడాదికి ఆరేడు పంటలు తీసే ఇల్లయితే ఇలాంటి రోజులు దగ్గర దగ్గర యాభై. అంటే బడి పాలు, బడి గుడ్డు అందరికన్నా ఎక్కువ పనికొచ్చేది మన ఇళ్ల పిల్లలకే. పెద్ద పిల్లల్ని ఆ వారం బడి మాన్పించి ఆకు కోతకి పెడితే, చదువుతో పాటు పాలు, గుడ్డు, అన్నం కూడా ఆ పిల్లకి పోతాయి. కూలి మిగిలిందని మనం అనుకుంటాం. ఆ లెక్కలో ఇది కూడా వేసుకోవాలి.

ఇంకో లింకు కూడా ఉంది. మేపులో మిగిలిన మల్బరీ ఆకు మన ఆవు తింటుంది. ఆ పాలు డెయిరీకి పోతాయి. కర్ణాటక పాల మహామండలి ఇచ్చే పాలపొడే మళ్లీ బడి గ్లాసులోకి వస్తుంది. రాగి మన చేన్లో పంట. గూళ్ల నుంచి నూలు తీశాక రీలర్ల దగ్గర మిగిలే ప్యూపా ఎండబెడితే సగానికి పైగా ప్రోటీనే, అది కోళ్ల మేతలోకి, చేపల మేతలోకి పోతుంది. అంటే పిల్లల పళ్లెంలో ఉన్నదాంట్లో మన ఆడవాళ్ల చెమట ముందే కలిసి ఉంది. ఎవరో పెట్టిన భిక్ష అని తల దించుకోవాల్సిన పని లేదు.

*బయటి సాయం మనకి కొత్త కాదు*

మన ప్రాంతానికి బయటి సాయం చాలాసార్లు వచ్చింది. ఏది నిలిచింది, ఏది పోయింది అని చూస్తే మనకి దారి తెలుస్తుంది.

ఒకటి, కేర్ ఉప్పిట్టు. ఇళ్లలో 60 దాటిన పెద్దల్ని అడగండి. 1960లు, 70లలో బడుల్లో కేర్ సంస్థ ద్వారా అమెరికా గోధుమ నూక, పాలపొడి వచ్చేవి. ఆ ఉప్పిట్టు వాసన ఇప్పటికీ చెప్తారు. సరుకు ఓడలో వచ్చింది, వండారు, తిన్నారు. సరుకు రావడం ఆగాక పళ్లెం కూడా ఆగింది. రాష్ట్రమంతా బడిలో వేడి అన్నం మళ్లీ రావడానికి 2003 దాకా పట్టింది. ఆకలి తీర్చింది, అది తక్కువ మేలు కాదు. కానీ ఊళ్లో నిలిచింది ఏమీ లేదు.

రెండు, పాలు. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైనప్పుడు యూరప్ దేశాలు పాలపొడి, వెన్న నూనె ఉచితంగా ఇచ్చాయి. వాటిని ఊరికే పంచేయలేదు. పాలుగా మార్చి పట్నాల్లో అమ్మి, ఆ డబ్బుతో డెయిరీలు, సహకార సంఘాలు కట్టారు. కర్ణాటకలో 1970ల మధ్యలో ప్రపంచ బ్యాంకు సాయంతో డెయిరీ ప్రాజెక్టు వచ్చింది. దాని నుంచే 1984లో ఇప్పటి పాల మహామండలి. 1986-87లో కేంద్రం పెట్టిన స్టెప్ పథకం కింద ఆడవాళ్లే సభ్యులుగా ఉండే డెయిరీ సంఘాలు కూడా లేచాయి. ఒకప్పుడు పొడి బయటినుంచి వచ్చేది, ఇప్పుడు మన పొడి మన పిల్లలకి పోతోంది. ఇక్కడ సాయం ఆగినా పని ఆగలేదు, ఎందుకంటే సంఘం ఊరిది.

మూడు, మన రేష్మెనే. 1980లో ప్రపంచ బ్యాంకు కర్ణాటక రేష్మెకి అప్పు ఇచ్చింది. 1989లో జాతీయ సెరికల్చర్ ప్రాజెక్టు వచ్చింది, దాంట్లో స్విట్జర్లాండ్ సాయం కూడా ఉంది. 1991 నుంచి 2007 దాకా జపాన్ నిపుణులు మైసూరు పరిశోధన సంస్థతో కలిసి బైవోల్టైన్ మీద పని చేశారు. ఇప్పుడు మనం పెంచే సీఎస్ఆర్ రకాలు ఆ పని నుంచి వచ్చినవే. జపాన్ వాళ్లు వెళ్లిపోయినా రకం మిగిలింది, వేరే షెడ్డు కట్టాలన్న అలవాటు మిగిలింది. కానీ శిక్షణ హాల్లో కుర్చీలో కూర్చున్నది ఎక్కువగా మగవాళ్లు, మేపు వేసేది ఆడవాళ్లు. విన్న మాట ఇంటికి వచ్చేసరికి సగమే. ఆ లోటు ఇంకా పూర్తిగా తీరలేదు.

నాలుగు, బాగేపల్లి బయోగ్యాస్. బాగేపల్లిలో ఆడట్స్ అనే సంస్థ 1970ల చివరి నుంచి కూలీ సంఘాలతో పని చేస్తోంది. బాగేపల్లి, గుడిబండ, చింతామణి, శిడ్లఘట్ట, చిక్కబళ్లాపురం తాలూకాల్లో దాని ఊళ్లున్నాయి. మొదట్లో పని నడిచింది విదేశీ సంస్థల డబ్బుతో. తర్వాత వాళ్లు ఒక వేరే దారి పట్టారు. రెండు ఘనమీటర్ల పేడ గ్యాసు గుంతలు 5,500 ఇళ్లకి అని లెక్క వేసి, 2005 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి కార్బన్ పద్ధతి కింద నమోదు చేయించారు. కట్టె, కిరసనాయిలు కాల్చకపోతే తగ్గే పొగకి ఒక విలువ కట్టి బయటి దేశాల వాళ్లకి అమ్మడం అన్నమాట. అది దానం కాదు, అమ్మకం. దాంట్లో సరుకు తయారుచేసింది ఎవరు? రోజూ పేడ కలిపి, ఆ మంట మీద వండిన ఆడది. ఆమెకి కట్టె మోత తగ్గింది, కంట్లో పొగ తగ్గింది, పొద్దున ఒక గంట మిగిలింది. మన లాంటి ఇళ్లలో ఆ గంట విలువ చివరి దశ మేపు రోజుల్లో తెలుస్తుంది.

నాలుగూ పక్కపక్కన పెట్టి చూడండి. సరుకుగా వచ్చింది సరుకుతోనే పోయింది. సంఘంగా, పనితనంగా, ఒకరి హక్కుగా మారింది మాత్రం నిలిచింది. బడి గుడ్డు ఈ రెంటిలో ఏ వైపుకి పోతుందన్నదే ఇప్పుడు ప్రశ్న.

*అమ్మ చేతి రూపాయి*

డబ్బు ఇంట్లోకి వచ్చిందా లేదా అన్నదొక్కటే చాలదు, ఎవరి చేతికి వచ్చిందన్నది కూడా లెక్కే. బ్రెజిల్ కుటుంబాల లెక్కలు చూసి డంకన్ థామస్ అనే ఆర్థికవేత్త 1990లో ఒక సంగతి చూపించాడు. అదే డబ్బు నాన్న చేతికి వచ్చినప్పటికన్నా అమ్మ చేతికి వస్తే పిల్లల ఆరోగ్యానికి చాలా ఎక్కువ మేలు జరుగుతోంది. ఇది మన పెద్దవాళ్లకి చెప్పక్కర్లేని మాటే. గూళ్లు అమ్మిన డబ్బు పోయే దారి వేరు, పాల బిల్లు పోయే దారి వేరు అని ఏ ఇంట్లో అడిగినా చెప్తారు.

ఇప్పుడు గూళ్ల డబ్బు ఎక్కువగా బ్యాంకు ఖాతాకే వస్తోంది. ఆ ఖాతా ఎవరిది? పహణీ ఎవరి పేరున ఉంటే ఎఫ్‌ఐడీ వాళ్లదే, పాస్‌బుక్కు వాళ్లదే, సబ్సిడీ వాళ్లదే. పహణీలో ఆడవాళ్ల పేరు ఉండే ఇళ్లు తక్కువ. అంటే సగానికి మించి పని చేసిన మనిషి రాతలో కనిపించదు. డెయిరీలో కూడా అంతే. పాలు పిండేది ఒకరు, సభ్యత్వం ఇంకొకరిది.

ఇది మొగుడూ పెళ్లాల తగాదా చేసుకోమని రాయడం లేదు. అన్నలకి కూడా ఇది లాభమే. ఇద్దరి పేర్లు ఉంటే ఒకరికి జబ్బు చేసినా, ఏదైనా జరిగినా, పంట డబ్బు, సబ్సిడీ ఆగకుండా నడుస్తాయి. పేరు ఒక్కటే ఉన్న ఇంట్లో ఆ మనిషి పోయాక రేష్మె ఆఫీసు, తాలూకా ఆఫీసుల చుట్టూ తిరిగిన ఆడవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు.

*వంట గదిలో ఉన్నదీ మన అక్కే*

బడిలో వండే అక్కల మాట కూడా చెప్పుకోవాలి. 25 మంది పిల్లల దాకా ఒకరు, 100 మంది దాకా ఇద్దరు, ఆ పైన ప్రతి వందకీ ఒకరు చొప్పున వంటవాళ్లని పెడతారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. కేంద్రం వాటాతో కలిపి ఇచ్చే గౌరవధనం నెలకి వెయ్యి రూపాయలని 2009లో పెట్టారు. కేంద్రం లెక్క అక్కడే ఉంది. రాష్ట్రం తన వైపు నుంచి కలుపుతూ వచ్చింది, 2025-26 బడ్జెట్లో ఇంకో వెయ్యి పెంచింది. అయినా నెలకి ఐదు వేలు కూడా దాటదు. గుడ్డు ఆరు రోజులు అయ్యాక ఉడకబెట్టడం, పెంకు ఒలవడం పని పెరిగింది. గుడ్డుకి 6 రూపాయల లెక్క ఇచ్చారు, కొనడం, ఉడికించడం, ఒలవడం అన్నీ దాంట్లోనే. బజారులో గుడ్డు రేటు పెరిగిన నెలల్లో ఆ లెక్క ఇరుకైపోతుంది. గుడ్డు చిన్నదిగా వచ్చినా, ఒక రోజు తప్పినా ముందు తిట్లు పడేది వంట అక్కకే. అసలు కారణం ఎక్కడుందో తెలుసుకుని మాట్లాడటం న్యాయం.

*ఈ గడువులోపల చేయగలిగినవి*

1. బడి ఎస్‌డీఎంసీ మీటింగుకి పోండి. విద్యా హక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం ఆడవాళ్లు ఉండాలి. పేరు రాసి సంతకం ఇంటికి పంపించే పద్ధతి వద్దు, మీరే కూర్చోండి. పురుగులు చాకీలో ఉన్న వారంలో మీటింగు పెట్టమని అడగండి. అప్పుడు మనకి తీరిక ఉంటుంది.

2. వడ్డించకముందు ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు రుచి చూడాలని నియమం ఉంది, వాళ్లలో ఒకరు టీచరు. ఊళ్లో అమ్మలు వంతులు వేసుకోవచ్చు. వారానికి ఒకరికి ఒక రోజు వస్తే చాలు.

3. వారంలో ఎన్ని రోజులు గుడ్డు వచ్చింది, ఎంతమంది తిన్నారు, ఎంతమంది అరటిపండు తీసుకున్నారు అని ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. గడువు అయిపోయేటప్పుడు ఎమ్మెల్యే దగ్గరికో, తాలూకా ఆఫీసుకో పోయి "ఇది ఆపొద్దు" అని అడగాలంటే చేతిలో లెక్క ఉండాలి. మాట కన్నా నోటుబుక్కు బలం. స్త్రీశక్తి సంఘాలు ఈ పని సులువుగా చేయగలవు, రాయడం వాళ్లకి అలవాటే.

4. గూళ్ల డబ్బు వచ్చే ఖాతాని జంట ఖాతా చేయొచ్చేమో మీ బ్యాంకులో అడగండి. పహణీలో పేరు చేర్చడానికి ఏం కావాలో తాలూకా ఆఫీసులో అడగండి. రేష్మె ఆఫీసులో శిక్షణ ఉంటే ఇంట్లో ఎవరు మేపు వేస్తారో వాళ్ల పేరే ఇవ్వండి. డెయిరీలో సభ్యత్వం పాలు పిండే మనిషి పేరున పెట్టించండి.

5. నాలుగో జ్వరానికి ముందే చివరి వారం తిండి సిద్ధం చేసుకోండి. రాగి మాల్టు పొడి, వేరుశనగ బెల్లం ఉండలు, వేయించిన సెనగలు డబ్బాల్లో పెట్టుకుంటే పొయ్యి వెలగకపోయినా పిల్లలు ఖాళీ కడుపుతో పోరు. మేపు వేసే అమ్మ కూడా తినాలి. రక్తం తక్కువ ఉన్నది పిల్లలకొక్కరికే కాదు గదా.

6. గట్టు మీద మునగ, ఇంటి వెనక ఆకుకూర వేసుకోండి. వాటి మీద పురుగుమందు కొట్టొద్దు, గాలికి మల్బరీ మీద పడితే పంటే పోతుంది. ఇంటి గుడ్డుకి నాలుగు నాటుకోళ్లు పెట్టుకునేవాళ్లు షెడ్డుకి దూరంగా కట్టేయండి. కోడి లోపలికి వచ్చిందంటే పురుగుని వదలదు.

గుడ్డు ఇచ్చిన వాళ్లకి కృతజ్ఞత చెప్పడం మన మర్యాద. ఆ గుడ్డు బడిలో నిలిచేలా చూసుకోవడం మన పని. దాత వెళ్లిపోయిన రోజు అడగడానికి నోటుబుక్కు పట్టుకున్న అమ్మలు పది మంది ఉంటే, పళ్లెం ఊరికే ఖాళీ కాదు.

ఈ వారం ఒక చిన్న పని. మీ ఊరి బడిలో పోయిన వారం ఎన్ని రోజులు గుడ్డు పెట్టారో మీ పిల్లల్ని అడిగి, గ్రూపులో ఒక్క లైను రాయండి: ఊరు, రోజులు, గుడ్డా అరటిపండా. అన్నీ కలిపి తాలూకా వారీగా లెక్క పెట్టి ఇక్కడే పెడతాం. పంటలో ఉన్నవాళ్లు తొందర పడొద్దు, చంద్రికలు ఎక్కించాకే రాయండి.